పద్నాలుగో నంబరు మగ్గు

గ్రేవీ ఎండి అతుక్కుపోయిన పళ్ళేన్ని వేడినీళ్ళలో నాననివ్వకుండా గీకేవాడు గిన్నెలు తోమే పనికి తగడని డెల్మర్ యోకమ్ అభిప్రాయం. ఆ అభిప్రాయం ఇంతవరకూ అతన్ని ఎవరూ అడిగిన పాపాన పోలేదు. నెల్డా హోటల్ వెనకగదిలో, తొట్టి ముందు, ఆవిరిలో నిలబడి పళ్ళేలు ఒక్కొక్కటే నీళ్ళలోకి జారవిడుస్తున్నాడు. తెల్లవారి ఎంతోసేపు కాలేదు. మే నెలాఖరు ఎండ అప్పుడే రోడ్డవతలి కాలేజీ స్టేడియం కప్పు మీద పడుతోంది.

వంటగదికీ హోటల్ ముందుభాగానికీ మధ్య గోడలో, పళ్ళేలు అందించడానికి ఒక చిన్న కిటికీ ఉంది. ముందు కూర్చున్నవాళ్ళకు అందులోంచి డెల్మర్ మెడ నుంచి నడుం దాకా కనిపిస్తాడు. మిల్‌గ్రోవ్ ఊళ్ళో చాలామందికి అతని మొహం కంటే చేతులే బాగా తెలుసు. నానినాని పాలిపోయిన చేతులు, గోళ్ళ చుట్టూ ఎప్పుడూ మానని చీలికలు, కుడి బొటనవేలి మీద కత్తి గాటు. మొహం చూద్దామన్నా చెప్పుకోవడానికేమీ లేదు. అరవై దాటిన మనిషి, సన్నటి మెడ, కుదురుగా దువ్విన నెరిసిన జుట్టు, ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే ఉలిక్కిపడే కళ్ళు.

కిటికీకి ఎదురుగా, కాఫీ యంత్రం పైన, గోడకు వరసగా ఇత్తడి కొక్కేలున్నాయి. కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో చేరిన ప్రతి కుర్రాడూ మొదటి ఏడాది ఇక్కడికొచ్చి, తెల్లటి పింగాణీ కాఫీ మగ్గు మీద తన చొక్కా నంబరు తనే రంగుతో రాసి తగిలించుకుంటాడు. నాలుగేళ్ళూ ఆడినవాడి మగ్గు వీధి కిటికీ పక్కన అలమరలోకి ఎక్కుతుంది, ఇక దాన్నెవరూ దించరు. మధ్యలో వదిలిపోయినవాడి మగ్గును మాత్రం వెనక మెట్టు మీద పగలగొడతారు. ఆ పగలగొట్టే చెయ్యి డెల్మర్‌ది.

ఆ పొద్దున ఊరంతా పద్నాలుగో నంబరు మగ్గు గురించే మాట్లాడుతోంది.

"ఎడమచేత్తో బంతి తిన్నగా కొట్టడం రాదు వాడికి. పెద్ద లీగ్ కావాల్సొచ్చిందా!" అంటున్నాడు వెండెల్ క్రౌచ్. వెండెల్ ట్రాక్టర్లు అమ్మి రిటైరైనవాడు. అతని గొంతు ఇంకా అవతలి గట్టున ఉన్నవాణ్ణి పిలుస్తున్నట్టే ఉంటుంది.

"చివరి ఆటలో రెండు ఫ్రీ త్రోలూ నేలపాలు చేశాడు చూడు, అప్పుడే అనుకున్నా. వాడి మనసు ఇక్కడ లేదు," అన్నాడు టైర్ల కొట్టు బర్ల్ టీటర్, పాన్‌కేకు మీద పాకం పోసుకుంటూ. కొట్టు ముందు బోర్డు మీద 'అరిగిన టైర్లు కొంటాం, పారిపోయే ఆటగాళ్ళను కొనం' అని రాయించినవాడు ఈయనే. ఆ బోర్డుతో ఫోటోలు దిగడానికి పక్క ఊళ్ళవాళ్ళు కూడా వచ్చారు.

"వాడికి మనమేం తక్కువ చేశాంరా? మనం పెంచాం వాణ్ణి!"

పెంచడమంటే వెండెల్ చేసింది ప్రతి ఆటకూ వెళ్ళి గొంతు పోయేదాకా అరవడం. ఆ కుర్రాడు టేవియన్ మోస్లీ. గ్యారీ అనే ఊరి నుంచి వచ్చాడు, కాలేజీలో మూడో ఏడు. శీతకాలమంతా ఈ బల్లల దగ్గర వాడు 'మనవాడు'. ఏప్రిల్లో డబ్బులిచ్చి ఆడించే పెద్ద లీగ్ వాళ్ళ ఎంపికకు పేరిచ్చిన రోజు నుంచి 'ఆ గ్యారీ వాడు' అయ్యాడు. నిజానికి పేరిచ్చినంత మాత్రాన వెళ్ళిపోయినట్టు కాదు. జట్ల వాళ్ళు పిలిచి ఆడించి చూస్తారు, నువ్వు ఏ మాత్రం పనికొస్తావో చెబుతారు, నచ్చకపోతే గడువులోగా పేరు వెనక్కి తీసుకుని మళ్ళీ కాలేజీకే ఆడుకోవచ్చు. ఆ గడువు ఇవాళ సాయంత్రంతో తీరుతుంది. ఈ సంగతి హోటల్లో అందరికీ తెలుసు. తెలిసినా, అడిగి చూడటమే ద్రోహమని వాళ్ళ లెక్క.

డెల్మర్ ఫోర్కులు కడుగుతూ వింటున్నాడు. టేవియన్ మీద కోపం అతనికీ ఉంది, అయితే దాని రంగు వేరు.

శీతకాలంలో టేవియన్ ముందు తలుపున వచ్చేవాడు కాదు. ముందునుంచి వస్తే నలుగురు భుజాలు తట్టేవాళ్ళు, బంతి వేసేటప్పుడు మోచేయి ఎలా పెట్టాలో ఆడపిల్లలు కూడా చూపించేవాళ్ళు, కాఫీ చల్లారిపోయేది. పొద్దున్నే సాధన ముగించుకుని, వెనక గుమ్మం తగలకుండా తల వంచుకుని లోపలికొచ్చి, బంగాళాదుంపల పెట్టె మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చునేవాడు. హోటల్ నడిపే నెల్డా మగ్గు దించి కాఫీ పోసి కిటికీలోంచి అందించేది. ఊరికే కూర్చోలేక తువ్వాలు తీసుకుని చెంచాలు తుడిచేవాడు. గ్యారీలో వాళ్ళమ్మ ఆస్పత్రి దుప్పట్లు ఉతికే చోట పనిచేస్తుందనీ, సాయంత్రానికి ఆవిడ కాళ్ళు వాచి చెప్పుల్లో పట్టవనీ చెప్పేవాడు. "ఆవిడ చేతులు కూడా అచ్చం మీ చేతుల్లాగే ఉంటాయి మిస్టర్ డెల్," అన్నాడొకసారి. డెల్మర్ ఆ రోజంతా తన చేతులకేసి చూసుకుంటూనే ఉన్నాడు.

ఏప్రిల్లో వెళ్ళే ముందు కూడా అలాగే వచ్చాడు.

"చూసొస్తే తప్పేముంది మిస్టర్ డెల్? నచ్చితే వెళ్తాను, లేదంటే వచ్చేస్తాను. అందాకా నా మగ్గు జాగ్రత్త."

"ఎక్కడికీ పోదు," అన్నాడు డెల్మర్.

చూసొస్తే తప్పేముంది. ఈ మాట డెల్మర్ ఇంతకుముందు విన్నాడు. అతనికి ముప్పై నిండని రోజుల్లో ఇదే హోటల్లో ఆర్లిస్ అనే అమ్మాయి పళ్ళేలు అందించేది. నవ్వితే పై పెదవి ఒకవైపే లేచేది. ఆరిజోనాలో ఉన్న అక్క దగ్గరికి వెళ్ళిపోతూ, "ఒక్కసారి వచ్చి చూడు డెల్మర్. నచ్చకపోతే తిరిగొచ్చెయ్," అంది. డెల్మర్ సంచీ కూడా సర్దుకున్నాడు. అయితే నోరు ఊరుకోక, ముందు బల్లల దగ్గర ఆ మాట చెప్పాడు. వెండెల్ అప్పట్లో కుర్రవాడే, గొంతు మాత్రం ఇదే. "నువ్వా? ఆరిజోనాకా?" అని బల్ల చరిచి నవ్వాడు. అందరూ నవ్వారు. అక్కడ నీకు ఎండదెబ్బ తగులుతుందన్నారు, అక్కడ పళ్ళేలు ఎవరూ తోమరు, ఇసుకతో రుద్దుకుంటారన్నారు. మీ అమ్మను ఎవరు చూస్తారన్నారు. బస్సు వెళ్ళిపోయింది. సంచీ చాలాకాలం సర్దినట్టే ఉండి, చివరికి చలికోట్లు పెట్టుకోవడానికి పనికొచ్చింది.

మగ్గు పగలగొట్టే ఆచారం కూడా అతని చేతి మీదుగానే పుట్టింది. ఆర్లిస్ వెళ్ళిన తర్వాతి వసంతంలో ఒక ఆటగాడు పక్క రాష్ట్రం కాలేజీకి ఫిరాయించాడు. ఆ పొద్దున వాడి మగ్గు డెల్మర్ సబ్బు చేతిలోంచి జారి వెనక మెట్టు మీద భళ్ళున పగిలింది. పొరపాటున జరిగిందది. కానీ ముందు గదిలో ఎవరో "శభాష్ డెల్మర్!" అని అరిచారు. హోటలంతా లేచి చప్పట్లు కొట్టింది. అతని జన్మలో అతనికోసం ఎవరైనా చప్పట్లు కొట్టడం అదే మొదలు. పొరపాటని చెప్పబోయి ఊరుకున్నాడు. అప్పటినుంచి ఎవడైనా వదిలిపోయినప్పుడల్లా వెండెల్ మగ్గు దించి కిటికీలోంచి ఇవ్వడం, డెల్మర్ దాన్ని మెట్టు మీద వెయ్యడం, జనం చప్పట్లు కొట్టడం. దానికి ఒకటే నియమం. గడువు దాటాలి, మనిషి నిజంగా పోవాలి.

"వార్త వచ్చింది!" అని వెండెల్ ఒక్కసారిగా లేచాడు. బల్ల మీది ఫోను పట్టుకుని ఊపుతున్నాడు. "రేడియో వాళ్ళు చెబుతున్నారు. వాడు ఆటగాళ్ళకు బేరాలు కుదిర్చే ఏజెంటు ఎవడితోనో కూర్చుని భోజనం చేశాడంట! ఇంకేం కావాలి? పోయాడు!"

హోటల్ భగ్గుమంది. ఎవరో ఛీ అన్నారు, ఎవరో ఉమ్మినంత పనిచేశారు. చర్చి పాటల బృందంలో పాడే పెద్దావిడ ఒకామె, పెద్దావిడ అనకూడని మాట అంది. వెండెల్ కొక్కెం మీంచి పద్నాలుగో నంబరు మగ్గు దించి, కిటికీలోంచి లోపలికి చాపాడు.

"ఊ, కానియ్."

డెల్మర్ చేతులు నీళ్ళలోంచి తియ్యలేదు. "గడువు సాయంత్రం దాకా ఉందిగా," అన్నాడు.

"ఏంటీ?"

"సాయంత్రం దాకా ఉంది. వస్తాడేమో."

"వస్తాడా! నీకు కబురు పెట్టాడా ఏంటి?" వెండెల్ వెనక్కి తిరిగి అందరికీ వినిపించేలా అన్నాడు, "ఇదిగో, మన డెల్మర్‌కు ఆ గ్యారీ వాడు చుట్టమంట!"

"ఎత్తు చూస్తే పోలిక లేదే," అన్నాడు బర్ల్. నవ్వులు.

"వాడితోపాటు నువ్వూ పోరాదూ? ఈసారైనా సంచీ సర్దుకో. ఆరిజోనా దాకా దింపమందాం!"

ముప్పై ఏళ్ళు దాటిన మాట. వెండెల్ మరిచిపోలేదు. ఇంకెవరూ మరిచిపోలేదని ఆ నవ్వును బట్టి తెలిసింది. డెల్మర్ చెవులు కాలాయి. ఆ క్షణంలో అతనికి కోపం రావలసింది వెండెల్ మీద. కానీ వెండెల్ మీద కోపం తెచ్చుకునే అలవాటు అతనికి లేదు. వచ్చిన కోపం వచ్చినట్టు ఇంకో వైపు తిరిగింది. నెల పైగా అయింది, ఒక్క కబురు లేదు. మగ్గు జాగ్రత్తట! వాడు ఊళ్ళు చూస్తూ, ఏజెంట్లతో భోజనాలు చేస్తూ తిరుగుతుంటే, తను ఇక్కడ వాడి మగ్గు కాపలా కాస్తూ మాటలు పడాలి. అందరూ వెళ్ళి చూసి వచ్చేవాళ్ళే. తనొక్కడే ఉండిపోయాడు. ఉండిపోయినవాడికి ఏ అలమరలో చోటిచ్చారు?

చేతులు తుడుచుకోకుండానే మగ్గు లాక్కున్నాడు. వెనక తలుపు తన్ని తెరిచి, రెండు చేతులతో ఎత్తి, మెట్టు మీద బలంగా కొట్టాడు. ఎప్పుడూ అంత బలంగా కొట్టలేదు. ముక్కలు కంచె దాకా ఎగిరాయి.

చప్పట్లు మోగాయి. "శభాష్ డెల్మర్!"

తర్వాత మామూలే. గుడ్ల పళ్ళేలు అయ్యాయి, మధ్యాహ్నం సూపు గిన్నెలు వచ్చాయి. నెల్డా పెనం గీకుతూ, "పాపం, సాయంత్రం దాకా ఆగాల్సింది బంగారం," అంది, ఎవరితోనో అన్నట్టు. నెల్డా అందర్నీ బంగారమే అంటుంది. డెల్మర్ ముక్కలు ఊడ్చాలని రెండుసార్లు చీపురు చేతిలోకి తీసుకుని, రెండుసార్లూ ఏదో పని గుర్తొచ్చినట్టు గోడకు ఆనించాడు.

మధ్యాహ్నం జనం పల్చబడ్డాక, నెల్డా సరుకులకు వెళ్ళింది. ముందు గదిలో ఈగ మోత తప్ప చప్పుడు లేదు. వెనక మెట్టు మీద బూటు కింద ఏదో కరకరలాడింది. గుమ్మంలో వెలుగు ఆగిపోయింది.

"ఇంకా బతికే ఉన్నారా మిస్టర్ డెల్!" టేవియన్ తల వంచుకుని లోపలికొచ్చాడు. భుజాన సంచీ. చిక్కాడు, కళ్ళ కింద నలుపు, మొహం మాత్రం వెలిగిపోతోంది. "బస్సు దిగి తిన్నగా ఇటే వచ్చా. ఇంకా కోచ్ దగ్గరికి కూడా పోలేదు. ముందు మీకే చెబుదామని. వచ్చే ఏడు కూడా మీ చెంచాలు తుడిచే యోగం నాకుంది. ఎడమచెయ్యి బాగుపడాలంట, ఇంకో ఏడాది ఆడి రమ్మన్నారు. తీసుకునేవాళ్ళు లేకపోలేదు, చివర్లో ఎవరో ఒకరు తీసుకుంటారంట. కానీ నాకే అనిపించింది, ఉండిపోదామని. అమ్మకు కూడా చెప్పేశా. పేరు వెనక్కి తీసుకోవడానికి వెళ్తున్నా. కాఫీ తాగి వెళ్తా."

పెట్టె మీద సంచీ పెట్టి, అలవాటుగా కిటికీలోంచి చెయ్యి చాపబోయాడు. ఆ చెయ్యి అలాగే ఆగింది. కొక్కెం ఖాళీగా ఉంది. అతను మెల్లిగా తల తిప్పి, వెనక గుమ్మం వైపు, తను తొక్కుకుంటూ వచ్చిన మెట్టు వైపు చూశాడు. వెళ్ళి వంగి ఒక ముక్క తీశాడు. దాని మీద నాలుగు అంకె సగం ఉంది.

డెల్మర్‌కు అబద్ధాలు చాలా తట్టాయి. వెండెల్ అనొచ్చు. జారిపోయిందనొచ్చు, ఒకప్పుడు నిజంగా జారింది కూడా.

"నేనే," అన్నాడు.

టేవియన్ ఆ ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఎప్పుడు?"

"పొద్దున."

"గడువు ఇంకా ఉందిగా?"

"ఉంది."

"చప్పట్లు కొట్టారా?"

"కొట్టారు."

కుర్రాడు తలూపాడు. డెల్మర్ గబగబా కడిగి బోర్లించిన వాటిలోంచి ఒక తెల్ల కప్పు తీశాడు, హోటలుకు వచ్చే ఎవరికైనా ఇచ్చే మామూలు కప్పు. ముందు గదిలో యంత్రం దగ్గరికి వెళ్ళి కాఫీ పోసి తెచ్చి అందించాడు. "మగ్గుదేముంది, ఇంకోటి తెప్పిస్తా. ఇవాళే. నంబరు నువ్వే రాద్దువు గాని."

"మగ్గు గురించి కాదు మిస్టర్ డెల్."

"తెలుసు," అన్నాడు డెల్మర్. నిజంగా తెలుసు. అదే అతన్ని కోస్తోంది.

టేవియన్ పెట్టె మీద కూర్చుని కాఫీ తాగాడు. చెంచాలు తుడవలేదు. "దారంతా నన్ను వెక్కిరిస్తూ పెట్టిన బోర్డులు చూస్తూ వచ్చా. ఊళ్ళో వాళ్ళు ఏదో అంటారులే, మళ్ళీ గెలిస్తే వాళ్ళే ఎత్తుకుంటారు అనుకున్నా. ఇక్కడ మాత్రం..." అని ఆగాడు. ముందుకు వంగి, కప్పులోకి చూస్తూ అడిగాడు. "మీరైతే ఏం చేస్తారు?"

ఉండిపో అనాలని డెల్మర్‌కు నోటిదాకా వచ్చింది. ఉండిపో అబ్బాయ్, నీ చోటు ఎక్కడికీ పోదు. ఎక్కడికీ పోదని మగ్గు గురించి ఒకసారి చెప్పినవాడు, మళ్ళీ ఆ మాట అనలేకపోయాడు. ఈ కుర్రాడు ఉంటే, ఎడమచెయ్యి ఒకసారి తప్పినా ఈ బల్లల దగ్గర ఏమంటారో అతనికి తెలుసు. ఎవరో ఒకరిని ఇలాగే ఉండిపొమ్మన్నవాళ్ళను తను చాలామందిని చూశాడు; ఉండిపోయినవాడి సంగతి తర్వాత వాళ్ళెవరికీ పట్టలేదు.

"నన్నడక్కు," అన్నాడు చివరికి. "నేనెప్పుడూ ఎక్కడికీ వెళ్ళి చూడలేదు."

టేవియన్ లేచి, కప్పు తొట్టి గట్టు మీద పెట్టాడు. వెళ్ళేముందు డెల్మర్ తడి చేతిని రెండు చేతులతో పట్టుకుని వదిలాడు. మగ్గు ముక్క జేబులో వేసుకున్నాడు. గుమ్మం దగ్గర తల వంచాడు. బూటు కింద మళ్ళీ కరకరలాడింది. డెల్మర్ తలుపు దాకా వెళ్ళి చూశాడు. సంచీ భుజాన వేసుకున్న మనిషి స్టేడియం వైపు కాకుండా, బస్సులు ఆగే వైపు నడుస్తున్నాడు.

సాయంత్రం చెర్రీ పండ్ల తీపి రొట్టె తినే వేళకు బల్లలన్నీ నిండాయి. నెల్డా రేడియో శబ్దం పెంచింది. టేవియన్ మోస్లీ పేరు వెనక్కి తీసుకోలేదని, ఇక కాలేజీకి ఆడబోడని చెప్పారు.

"చెప్పానా!" వెండెల్ బల్ల చరిచాడు. "పాము, పాము! పొద్దున్నే తేల్చేశాం, మంచి పని చేశాం."

"ఆ లీగ్‌లో ఆడించకుండా పక్కన కూర్చోబెడతారు. కుళ్ళిపోనీ."

"వాళ్ళ జాతే అంత, నమ్మడానికి లేదు," అని మూల నుంచి ఎవరో అన్నారు. దానికి ఎవరూ నవ్వలేదు, ఎవరూ వద్దనలేదు కూడా.

వంటగది తలుపు తెరుచుకుంది. పళ్ళేలకు కాక, వేరే పని మీద డెల్మర్ ముందు గదిలోకి రావడం ఎవరూ ఎరగరు. ఆప్రాన్ నుంచి నీళ్ళు కారుతున్నాయి. అతని మొహం మొత్తంగా చూసి కొందరు గుర్తుపట్టడానికి తడబడ్డారు.

"వాడు మధ్యాహ్నం వచ్చాడు," అన్నాడు. "ఉండిపోవడానికి వచ్చాడు. కోచ్ దగ్గరికి వెళ్తూ ఇక్కడ ఆగాడు. మెట్టు మీద ముక్కలు చూశాడు."

రేడియోలో ఎవరో ఎరువుల గురించి చెబుతున్నారు. నెల్డా దాన్ని కట్టేసింది.

"అబద్ధం," అన్నాడు వెండెల్. డెల్మర్ కళ్ళు దించకపోవడం చూసి, గొంతు మార్చాడు. "అయితే నువ్వన్నమాట వాణ్ణి పంపేసింది! పగలగొట్టింది నీ చెయ్యేగా! నలుగురూ సరదాకి ఏదో అంటారు, నీకు బుద్ధుండొద్దూ?"

"నిజమేగా, గడువుందని చెప్పినవాడు ఎందుకు పగలగొట్టాలి?" అన్నాడు బర్ల్.

"వచ్చే ఏడు మనకున్న ఒక్క ఆటగాణ్ణీ పోగొట్టావు కదయ్యా!"

"ముసలాడికి పొగరు!"

పొద్దున చప్పట్లు కొట్టిన చేతులన్నీ ఇప్పుడు అతని వైపే చూపిస్తున్నాయి. డెల్మర్ ఆశ్చర్యపోలేదు. వాళ్ళు అంటున్నది నిజమే, సగం నిజం. మిగతా సగం వాళ్ళు ఎప్పటికీ ఒప్పుకోరు. అయినా వాళ్ళతో వాదించడానికి అతను రాలేదు. కాఫీ యంత్రం దగ్గరికి నడిచి, ఆప్రాన్ జేబులోంచి మధ్యాహ్నపు తెల్ల కప్పు తీసి, ఖాళీ కొక్కేనికి తగిలించాడు.

"దాని మీద చెయ్యి వేసినవాడు ఇక నా చేత్తో కడిగిన పళ్ళెంలో తినడు," అన్నాడు.

నెల్డా గుడ్డ పక్కన పెట్టి, వెండెల్ వైపు చూసి, "విన్నావుగా," అంది. ఈసారి బంగారం అనలేదు.

డెల్మర్ లోపలికి వెళ్ళి తొట్టిలో నీళ్ళు మార్చాడు. చెర్రీ రొట్టె తిన్న పళ్ళేలు వస్తున్నాయి, ఎర్రటి పాకం ఎండకముందే నానబెట్టాలి. ముందు గదిలో మాటలు మళ్ళీ మొదలయ్యాయి, మొదట తగ్గుగొంతుతో, తర్వాత మామూలుగా. అంకెల మగ్గుల మధ్య అంకె లేని ఆ కప్పు కొక్కేనికి వేలాడుతోంది, అంచు మీద పెదవి ఆనిన మరక, లోపల అడుగున ఎండిన కాఫీ చార, ఇన్నేళ్ళలో డెల్మర్ యోకమ్ కడగకుండా వదిలిన ఒకే ఒక్క కప్పు.